అనుబంధ ప్రశ్న

శాసనసభలో ప్రశ్నోత్తరాలకు దొరికేది ఒక గంట. ఆ గంటలో కాలుష్యం మీద ప్రశ్న వచ్చిన రోజున సభ్యుల బల్లల మీద ఉండే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకే అచ్చులో ఉండేది. (ఎ) అవునండి. (బి) సదరు పరిశ్రమకు నోటీసు జారీ చేయడమైనది. (సి) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. శాసనసభ సచివాలయంలో చిన్న ఉద్యోగిగా చేరి, ప్రశ్నల విభాగంలో కొన్నేళ్ళు, కమిటీల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి, డిప్యూటీ సెక్రటరీగా రిటైరయ్యాను. ఆ మూడు ముక్కల వెనక ఏముందో సభ్యులకు కనిపించేలా చేయడమే నా పని అనుకుని పనిచేశాను.

ప్రశ్న ఎంత దూరం తిరుగుతుందో బయటివాళ్ళకు తెలియదు. ఒక సభ్యుడు తన నియోజకవర్గంలో వాగు పాడైందని నోటీసు ఇస్తాడు. మేం దాన్ని నిబంధనలకు సరిపడేలా సరిచేసి, భాగాలుగా విడదీసి, రాష్ట్ర సచివాలయంలోని పర్యావరణ శాఖకు పంపుతాం. అక్కణ్ణుంచి కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శికి, తర్వాత జోనల్ ఆఫీసుకు, రీజనల్ ఆఫీసుకు, చివరికి ఒక పర్యావరణ ఇంజనీరు బల్ల మీదికి. ఆయన చేతి కింద ఉండేది ఇద్దరు ముగ్గురు. చూడాల్సిన పరిశ్రమలు వందలు. జవాబు మళ్ళీ అదే దారిలో పైకి వస్తుంది, వచ్చేకొద్దీ చిక్కిపోతుంది. నమూనాలో రసాయనాల మోతాదు పరిమితి దాటిందనీ, ఈ యూనిట్ ఇలా దొరకడం ఇది మొదటిసారి కాదనీ ఇంజనీరు రాస్తే, సభకు చేరేటప్పటికి 'నోటీసు జారీ చేయడమైనది' అన్న ఒక్క వాక్యమే మిగులుతుంది.

మిగతాదంతా ఎక్కడికి పోతుంది? మంత్రిగారి ఫైల్లోకి. జవాబుతో పాటు శాఖ ఇంకో కాగితం తయారుచేస్తుంది. దాన్ని 'నోట్ ఫర్ సప్లిమెంటరీస్' అంటారు. సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్న వేస్తే మంత్రిగారు ఏం చెప్పాలో అందులో ఉంటుంది. నమూనాల ఫలితాలు, పాత నోటీసుల తేదీలు, మూసివేత ఉత్తర్వులు, వాటిని ఎప్పుడు ఎత్తేశారో అన్నీ అందులోనే. ఎవరూ అడగకపోతే అది అలాగే శాఖకు తిరిగి వెళ్తుంది. పర్యావరణ చట్టం అమలు మీద సభకున్న పట్టంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం. మొదటి ప్రశ్నకు జవాబు ప్రభుత్వం రాసుకొస్తుంది. రెండోదానికి నిజం చెప్పాల్సి వస్తుంది.

సభ్యులు మా దగ్గరకు వచ్చి ఏం అడగమంటారని అనేవాళ్ళు. ఏం అడగాలో చెప్పడం మా పని కాదు. కాగితం ఎక్కడుందో చూపించడం మా పని. చాలామందికి నేను మొదట చూపించింది 1974 నాటి నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టంలోని 39వ సెక్షన్. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రతి సంవత్సరం తాను చేసిన పనుల మీద వార్షిక నివేదిక రాయాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన నాలుగు నెలల్లోపు ప్రభుత్వానికి పంపాలి. తొమ్మిది నెలల్లోపు ప్రభుత్వం దాన్ని శాసనసభ ముందు ఉంచాలి. తర్వాతి సెక్షన్ ప్రకారం మండలి లెక్కల ఆడిట్ నివేదిక కూడా సభకు రావాలి. అంటే ఈ మండలి ఎవరికి జవాబుదారీయో చట్టం రాసినవాళ్ళు అనుమానానికి తావు లేకుండా రాశారు. ఉమ్మడి రాష్ట్రంలో మన మండలి 1976లో ఏర్పడింది. ఇన్నేళ్ళలో ఈ నివేదిక తెమ్మని అడిగి చదివిన సభ్యులు నాకు బాగా గుర్తున్నారు, ఎందుకంటే వాళ్ళు చాలా తక్కువమంది. 'సభ ముందు ఉంచిన పత్రాలు' అని కార్యక్రమ పట్టికలో ఒక వరుస ఉంటుంది. ఆ వరుస చదివేటప్పుడు సభలో ఎవరూ తలెత్తి చూడరు. నాకు మాత్రం ఆ రోజు మొత్తంలో ముఖ్యమైన వరుస అదే అనిపించేది.

కమిటీ పని వేరు. అక్కడ మైకులు లాక్కోవడాలుండవు, గంట కొట్టడం ఉండదు. ప్రజా పద్దుల కమిటీ, హామీల కమిటీ, అర్జీల కమిటీ, పర్యావరణం మీద వేసే కమిటీలు, అప్పుడప్పుడు ఒక్క విషయం కోసమే వేసే సభాసంఘాలు. వీటికి అధికారులను పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారం ఉంది. కెమెరాలు లేని గదిలో అధికార పక్షం సభ్యుడు కూడా తన ప్రభుత్వ కార్యదర్శిని గట్టిగానే అడగగలడు. పార్టీల గీతలు ఆ గదిలో కాస్త పలచబడతాయి. నేను చూసినంతలో వాగు గురించి, బోరు నీళ్ళ గురించి మాట్లాడేటప్పుడు అవి మరీ పలచబడేవి.

కమిటీ అడిగేదంతా ప్రశ్నావళిలో ఉంటుంది. దాన్ని రాసేది మేమే. మంచి ప్రశ్నావళి ఎలా రాయాలో నాకు నేర్పింది అకౌంటెంట్ జనరల్ ఆఫీసు నుంచి వచ్చే ఒక సీనియర్ ఆడిట్ అధికారి. ప్రజా పద్దుల కమిటీ సమావేశాలకు ఆ ఆఫీసు వాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు. ఒకసారి నేను రాసిన ముసాయిదా చూసి ఆయన అన్నారు: "చర్యలు తీసుకున్నారా అని అడిగితే తీసుకున్నామంటారు. రెండు రిజిస్టర్లు అడగండి. ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టండి."

ఆ మాటకు అర్థం నాకు పటాన్‌చెరు విషయంలో తెలిసింది. అప్పటి మెదక్ జిల్లాలో ఆ పారిశ్రామికవాడ పెరిగాక మందుల కంపెనీల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి, అక్కణ్ణుంచి మంజీరలోకి వెళ్ళాయి. చెరువులు, బావులు, పొలాలు చెడిపోయాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. ఊరివాళ్ళకు వైద్యం చేస్తూ చేస్తూ ఆ పోరాటానికి జీవితం ఇచ్చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావుగారు మా కమిటీల కాగితాల్లో కూడా మళ్ళీ మళ్ళీ కనిపించే పేరు. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. పరిశ్రమలు తమ వ్యర్థజలాలను ట్యాంకర్లలో అక్కడికి పంపాలి.

ఇక్కడే రెండు రిజిస్టర్లు. మండలి ప్రతి యూనిట్‌కూ ఇచ్చే అనుమతి పత్రంలో, రోజుకు ఎన్ని కిలోలీటర్ల వ్యర్థజలం వస్తుందో రాసి ఉంటుంది. శుద్ధి కేంద్రం గేటు దగ్గర, ఏ యూనిట్ ట్యాంకరు ఎన్ని కిలోలీటర్లు తెచ్చిందో రాసుకుంటారు. మా ప్రశ్నావళిలో అడిగింది ఇంతే: యూనిట్ వారీగా, నెల వారీగా ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి పంపండి. తేడా ఉన్నచోట ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయో రాయండి.

జవాబు రావడానికి చాలాకాలం పట్టింది. గడువు పొడిగించమని ఒక ఉత్తరం, సమాచారం సేకరిస్తున్నామని ఇంకొకటి. చివరికి వచ్చిన పట్టికలో కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ గడుల మీదే సమావేశమంతా నడిచింది. ఒక సభ్యుడు, ఆ ప్రాంతం ఆయనే, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఈ యూనిట్ మా ఊరికి ఆనుకొనే ఉంటది. ఉత్పత్తి ఆగలేదు, ట్యాంకరు కదలలేదు. మరి నీళ్ళేమైనయి?" అన్నారు. కార్యదర్శిగారి దగ్గర జవాబు లేదు. పరిశీలించి చెబుతామన్నారు. శాసనసభ రిపోర్టర్లు ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. పరిశీలించి చెబుతామన్నది సాక్ష్యంగా రికార్డుకెక్కితే అది ఊరికే పోదు.

క్షేత్ర పర్యటనల గురించి కొంచెం చెప్పాలి. కమిటీ వస్తోందంటే జిల్లాలో నాలుగు రోజుల ముందే తెలుస్తుంది. వాగు ఒడ్డున షామియానా, కుర్చీలు, మంచినీళ్ళ సీసాలు. అలాంటి ఒక పర్యటనలో ఒక పెద్దావిడ చైర్మన్‌గారి దగ్గరకు వచ్చి, "సారూ, మీరొస్తున్రని ఎరుకైతే నీళ్ళు మంచిగనే వస్తయి. వాన పడ్డ రాత్రి రాండ్రి, చెప్పకుండ రాండ్రి" అంది. వానలో వదిలేస్తే వాగులో కలిసిపోయి జాడ దొరకదన్నది ఆ ఊళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చైర్మన్‌గారు ఆమె మాటను నివేదికలో పెట్టమన్నారు. సిఫారసుగా మేం రాసిందేమిటంటే: వర్షాకాలంలో రాత్రిపూట, ముందు చెప్పకుండా నమూనాలు తీయాలి, ఆ ఫలితాలను కమిటీకి విడిగా పంపాలి. ఆ నివేదిక మొత్తంలో పనికొచ్చిన సిఫారసు అదేనని ఇప్పటికీ అనుకుంటాను. అది పుట్టింది ఆ తల్లి మాటలోంచి.

అదే పర్యటనలో ఫ్యాక్టరీ గేటు దగ్గర కూలీలు మమ్మల్ని ఆపారు. కంపెనీ మూస్తే మేమెట్ల బతకాలె అని అడిగారు. ఆ ప్రశ్నకు కమిటీ మొహం చాటెయ్యకూడదు. మూసివేత ఉత్తర్వు ఇవ్వడం తేలిక, నాలుగు వారాల్లో ఎత్తేయడం ఇంకా తేలిక. ఈ రెంటి మధ్యా కూలికి పని పోతుంది, వాగు మాత్రం బాగుపడదు. అందుకని ఆ తర్వాత నేను రాసిన ప్రతి ప్రశ్నావళిలో, మూసివేతలు ఎన్ని అని ఆగకుండా, వాటిని ఏ పరీక్షా ఫలితం చూసి, ఎన్ని రోజులకు ఎత్తేశారు, జప్తు చేస్తామన్న బ్యాంకు గ్యారంటీల్లో నిజంగా జప్తు చేసినవి ఎన్ని అని అడిగేవాణ్ణి.

తర్వాత పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీళ్ళను పైపులైను వేసి హైదరాబాద్ నగరం మురుగులోకి, అక్కణ్ణుంచి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్ళించారు. మంజీర వైపు ఊళ్ళకు ఊపిరాడింది. కానీ ఆ నీళ్ళు ఇప్పుడు మూసీ పరీవాహకానికి చేరాయి. మూసీ కింద నల్లగొండ జిల్లా రైతులున్నారు. ఒక సభ్యుడి ప్రశ్నకు ప్రభుత్వం చెప్పిన పరిష్కారం మరో సభ్యుడి ప్రశ్నగా మారింది. నియోజకవర్గం హద్దుల్లో ఉండి ఆలోచించే సభకు ఇది పెద్ద పరీక్ష. నీళ్ళకు నియోజకవర్గాలుండవు. ఇద్దరు సభ్యులూ ఒకే కమిటీలో కూర్చుంటే తప్ప ఈ విషయం పూర్తిగా బయటపడదు. అందుకే వాయిదా తీర్మానాల కంటే కమిటీలకే నేను ఎక్కువ విలువిస్తాను.

పర్యావరణం కోర్టుల పని అని చాలామంది అనుకోవడం మొదలుపెట్టారు. దానికి కారణాలున్నాయి. హైదరాబాద్ జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో 111వ జీవో వచ్చినా, వాటి పరీవాహకంలో ఒక నూనెల ఫ్యాక్టరీ అనుమతి వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1999లో ఆ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసు తీర్పులో కోర్టు చెప్పిన విషయాలు దేశమంతా పాఠంగా చదువుతున్నారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చాక జనం నేరుగా అక్కడికే వెళ్తున్నారు. కోర్టును తక్కువ చేయను. అయితే కోర్టుకు కనిపించేది తన ముందున్న కేసు. దేశంలోని కాలుష్య నియంత్రణ మండళ్ళలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని ట్రిబ్యునల్ ముందు లెక్క తేలింది. ఆ ఖాళీల మీద, బడ్జెట్ పద్దు ఓటింగుకు వచ్చినప్పుడు మంత్రిని నిలదీయగలిగేది సభ ఒక్కటే. ఆ పద్దు మీద చర్చ లేకుండా, గడువు ముగిసిందని మిగిలిన పద్దులన్నీ ఒకేసారి ఆమోదించే గిలెటిన్‌లో పోయిన ప్రతిసారీ నాకు బాధ కలిగేది.

ఇంకొకటి కూడా ఉంది. స్థలం ఎలాంటిదో ఎమ్మెల్యేకు తెలిసినంతగా పర్యావరణ ప్రభావ నివేదిక రాసే కన్సల్టెంటుకు తెలియదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేల ఊరివాళ్ళకు తిండి పెట్టేది. చేపలు, వరి, పశువుల మేత అన్నీ అక్కడే. అక్కడ తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రం కాగితాల్లో అది పనికిరాని నేల అయింది. 2010 జూలై 14న ఆ కేంద్రం వద్దన్నవాళ్ళ మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. సరిగ్గా అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీళ్ళ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ అనుమతిలోని తప్పును కాల్పులకు ముందే ఒక శాసనసభా కమిటీ బీల గట్టు మీద నిలబడి చూసి రాసి ఉంటే ఏమయ్యేదో అని ఆలోచించకుండా ఉండలేను.

విశాఖపట్నం ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. 12 మంది ప్రాణాలు పోయాయి. తాము తయారుచేస్తున్న పరిమాణానికి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ సంస్థే అంతకు ఏడాది ముందు, 2019 మేలో, అఫిడవిట్ ఇచ్చి ఉంది. అంటే కాగితం ప్రభుత్వం దగ్గరే ఉంది. అనుమతి లేకుండా నడుస్తున్న యూనిట్ల జాబితా సభ ముందు పెట్టండి, ఒక్కోదాని మీద ఏం చేశారో చెప్పండి అని అడిగే అలవాటు ఏ శాసనసభకైనా ఉండి తీరాలి. ప్రమాదం జరిగాక వేసే ఉన్నతస్థాయి కమిటీ ఎంత బాగా రాసినా, అది చనిపోయినవాళ్ళ గురించి రాసే నివేదికే.

హామీల కమిటీ మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. పరిశీలిస్తాం, విచారణ జరిపిస్తాం, నెలలోపు చర్య తీసుకుంటాం అని మంత్రి సభలో అన్న ప్రతి మాటనూ ఏరి, పట్టికలో ఎక్కించి, నెరవేరిందా అని వెంటపడే కమిటీ అది. లోక్‌సభలో హామీ నెరవేర్చడానికి గడువు మూడు నెలలు. రాష్ట్రాల్లో గడువు ఏదైనా ఆచరణలో ఏళ్ళు పడుతుంది. అసెంబ్లీ గడువు ముగిసి కొత్త సభ వచ్చాక, అడిగిన సభ్యుడు ఓడిపోతే, ఆ హామీని గుర్తుపెట్టుకునేది సెక్షన్‌లో కూర్చున్న ఉద్యోగి మాత్రమే. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు మా ఫైళ్ళూ పంచుకోవాల్సి వచ్చింది. కాలుష్యం మీద పెండింగ్‌లో ఉన్న హామీలన్నీ నేను విడిగా ఒక నోట్ రాసి, ఏ వాగు ఏ రాష్ట్రంలోకి వెళ్ళిందో గుర్తుపెట్టి, రెండు వైపులా అందజేశాను. ఎవరూ అడగని పనే. అయినా ఆ మాటలు సభలో ఇచ్చినవి కదా, గాలికి పోనివ్వడానికి మనసొప్పలేదు.

కమిటీ సిఫారసులకు ప్రభుత్వం కట్టుబడాలని ఎక్కడా లేదు. మరి లాభమేమిటని యువ ఉద్యోగులు అడిగేవాళ్ళు. వాళ్ళకు నేను పార్లమెంటు ఉదాహరణ చెప్పేవాణ్ణి. 2014లో ప్రధాన పర్యావరణ చట్టాలను సమీక్షించడానికి టి.ఎస్‌.ఆర్‌. సుబ్రమణియన్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక ఉన్నతస్థాయి కమిటీ వేసింది. కొద్ది నెలల్లోనే అది నివేదిక ఇచ్చేసింది. మరుసటి ఏడాది పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని చదివి, ఆరు పెద్ద చట్టాలను తిరగరాయడానికి ఇంత తక్కువ కాలం, ఇంత తక్కువ సంప్రదింపు సరిపోవని తేల్చి చెప్పింది. ఆ సిఫారసులను ఉన్నవున్నట్టుగా బిల్లుగా తేలేకపోయారు. మాట రికార్డులో ఉంటే దానికి ఆ మాత్రం బలం ఉంటుంది.

ఒక రీజనల్ ఆఫీసు ఇంజనీరు, సమావేశం అయ్యాక కారిడార్‌లో నన్ను పక్కకు పిలిచి అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "సార్, ఆ రెండు రిజిస్టర్ల ప్రశ్న మీరు అడిగాక మాకు మొదటిసారి పైనుంచి ఫోన్ వచ్చింది, వెళ్ళి చూడమని. అంతకుముందు మేం వెళ్తే ఎందుకు వెళ్ళారని ఫోన్ వచ్చేది." సభ గట్టిగా అడిగితే కింద నిజాయితీగా పనిచేసేవాడికి అండ దొరుకుతుంది. అధికారులను ఇరుకున పెట్టడమే సభ పని అనుకునేవాళ్ళకు ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, చట్టమే మారుతోంది. 2023లో వచ్చిన జన్ విశ్వాస్ చట్టం గాలి కాలుష్య చట్టంలో, పర్యావరణ పరిరక్షణ చట్టంలో చాలా నేరాలకు జైలు శిక్ష తీసేసి జరిమానా పెట్టింది. 2024లో నీటి చట్టాన్నీ అలాగే సవరించారు. జరిమానా పది వేల రూపాయల నుంచి పదిహేను లక్షల దాకా. విధించేది కోర్టు కాదు, ప్రభుత్వం నియమించే అధికారి. పాత పద్ధతిలో కేసులు ఏళ్ళ తరబడి నలిగేవి, నిజమే. అయితే తనిఖీ చేసేది, అనుమతి ఇచ్చేది, జరిమానా వేసేది అంతా ప్రభుత్వమే అయినప్పుడు, ఎంత వేశారు, ఎంత వసూలైంది, ఎవరికి తగ్గించారు అని అడగడానికి మిగిలేది శాసనసభే. పైగా నీళ్ళు రాష్ట్రాల విషయం. 1974 చట్టం రాజ్యాంగం 252వ అధికరణ కింద రాష్ట్రాల తీర్మానాలతో వచ్చింది. అందుకే 2024 సవరణ మొదట హిమాచల్‌ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే వర్తించింది. మిగతా రాష్ట్రాలు తమ శాసనసభలో తీర్మానం చేసి దత్తత తీసుకోవాలి. ఇలాంటి తీర్మానం ఏ సభకు వచ్చినా, సభ్యులు చర్చ లేకుండా చెయ్యెత్తకూడదు. జరిమానాల పట్టికను ఏటా సభ ముందు ఉంచాలన్న హామీ తీసుకున్నాకే ఆమోదించాలి.

చదివే మీకు ఒక మనవి. మీ ఎమ్మెల్యేగారు ఈసారి ఊరికి వచ్చినప్పుడు రోడ్డు, పింఛను అడగండి, తప్పకుండా అడగండి. దాంతో పాటు ఇది కూడా అడగండి: కాలుష్య నియంత్రణ మండలి పోయిన సంవత్సరం వార్షిక నివేదికను సభలో పెట్టారా, మీరు చదివారా, మన వాగు గురించి అందులో ఏముంది? జవాబు రాకపోతే వచ్చే సమావేశాలకు ముందు ఇంకోసారి అడగండి.